ధమనిని చదివిన వేలు

తొడుగులో కుడిచెయ్యి దూర్చగానే పైడిరత్నానికి ముందు చల్లగా తగిలింది. తర్వాత సన్నటి సూదులేవో వేలికొసల్ని వెతుక్కుంటున్నట్టు చిమచిమలాడింది. ఉన్నట్టుండి చూపుడువేలి కింద ఏదో బలంగా కొట్టుకుంది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"భయపడకండి రత్నం గారూ," అంది డాక్టర్ హైమవతి పక్కనుంచి. "అది సత్యం గారి బృహద్ధమని. గుండె దగ్గర బయల్దేరి వెన్నెముకని ఆనుకుని పొట్టలోంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం. పొట్ట కోసిన సర్జన్లు తప్ప దాన్ని ఇలా ముట్టుకున్నవాళ్లు లేరు."

బల్లమీద పడుకున్న సత్యం రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎనిమిది నెలలుగా నడుంనొప్పి. ఎక్కడ నొప్పి అంటే చూపించలేడు. "లోపలెక్కడో పళ్లు నూరుతున్నట్టుంటది తల్లీ," అంటాడు. గ్యాస్ అన్నారు, డిస్క్ అన్నారు. పదకొండు కిలోలు తగ్గి, కాళ్లు వాచాక స్కాన్ తీస్తే, బృహద్ధమని చుట్టూ మేజోడు తొడిగినట్టు దళసరి పొర కనిపించింది. ఆ పొర పక్కనే ఉన్న మూత్రనాళాల్ని కూడా తనలోకి లాక్కుని బిగిస్తోంది. మూత్రం కిందికి దిగే దారిలేక కిడ్నీలు ఉబ్బుతున్నాయి.

ఆ పొర ఏమిటో తేలడం లేదు. వాపు అయితే మాత్రలతో కరుగుతుంది. వాపు చల్లారి మచ్చలా బిగుసుకుపోయి ఉంటే మాత్రలు పనిచేయవు, కోసి మూత్రనాళాల్ని విడిపించాలి. క్యాన్సర్ అయితే దాని వైద్యమే వేరు. మూడూ స్కాన్‌లో అన్నదమ్ముల్లా ఒకే పోలికతో ఉంటాయి. సూది గుచ్చి ముక్క తీద్దామంటే, అంత పెద్ద రక్తనాళం పక్కన గురి తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే హైమవతి ఆరేళ్లు కష్టపడి ఈ యంత్రం తయారుచేసింది. రోగి నడుం కింద ఒక పలక ఉంటుంది. అది చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపి, ఎక్కడ ఎంత మెత్తగా ఉందో, ఎంత గట్టిగా ఉందో కనిపెట్టి తొడుగులోని సూదులకి చెబుతుంది. సూదులు వేలికొసల్లోని నరాల్ని మీటుతాయి. అప్పుడు వేలు నిజంగా అక్కడే ఉన్నట్టుంటుంది. దానికి 'లోస్పర్శ' అని పేరు పెట్టారు. యంత్రమైతే పనిచేసింది గాని దాన్ని చదివే వేళ్లే దొరకలేదు. పద్నాలుగుమంది డాక్టర్లు ప్రయత్నించి, ఏదో కదులుతోంది అనడం మించి ఒక్కమాట చెప్పలేకపోయారు. చివరికి హైమవతి విశాఖపట్నంలోని అంధబాలికల బడికి వెళ్లి, అక్కడ బ్రెయిలీ నేర్పే పైడిరత్నాన్ని అడిగింది. ఆరేళ్లప్పుడు తట్టు వచ్చి చూపు పోయిన రత్నం, ముప్పై మూడేళ్లుగా లోకాన్ని ఆ వేళ్లతోనే తెలుసుకుంటూ వచ్చింది.

"మీకేమనిపిస్తే అది చెప్పండి. వైద్యం మాటలు అక్కర్లేదు."

రత్నం ఊపిరి బిగబట్టి వేలు కదిపింది. "కొట్టుకునేది గొట్టంలా ఉందండి. దాని చుట్టూ నానిన పూరీపిండిలా ఉంది. నొక్కితే లోపలికి పోయి, మెల్లగా పైకొస్తోంది. ముందువైపు ఉంది, పక్కల ఉంది. వెనకాల లేదు."

"వెనకాల లేదా? సరిగ్గా చూడండి."

"లేదండి. గొట్టం వెన్నుపూసని ఆనుకునే ఉంది. మధ్యలో వేలు దూరే సందు కూడా లేదు."

హైమవతి కుర్చీ చప్పుడు చేసుకుంటూ వెనక్కి జరిగింది. క్యాన్సర్ గడ్డలైతే సాధారణంగా వెనకనుంచి ధమనిని ముందుకి నెట్టేస్తాయని, ఇది వాపేనని, తన పక్కనున్నవాళ్లకి గబగబా చెప్పింది. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన నాలుగోరోజుకే సత్యానికి నొప్పి తగ్గింది. నెల తిరిగేసరికి మెట్లెక్కి పైకొచ్చి రత్నం చేతిలో పనసతొనల పొట్లం పెట్టాడు.

"నీ చెయ్యి చల్లగుండ తల్లీ," అన్నాడు.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు ఆసుపత్రి నుంచి కారొచ్చేది. ఒడిశా నుంచి, తెలంగాణ నుంచి, కేరళ నుంచి కూడా రోగులు వచ్చారు. రత్నం తన మాటలు తానే కూర్చుకుంది. తడిగా ఉన్న వాపు 'పిండి'. ఎండి బిగుసుకున్న మచ్చ 'తొక్క', వాడిన నిమ్మతొక్కలా. గట్టిగా విడివిడిగా తగిలే గడ్డలు 'గింజలు'. మొదట్లో నవ్విన డాక్టర్లే తర్వాత కేసుషీట్ల మీద పిండి, తొక్క, గింజలు అని రాసుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలల్లో డెబ్బై రెండుమందిని చదివింది. ఒక్కటీ తప్పు పోలేదు.

ఇంటికొచ్చాక ఆ సంగతులన్నీ చెబుతుంటే భర్త ఎర్నాయుడు, కూతురు కుందన నోరెళ్లబెట్టుకుని వినేవాళ్లు. ఎర్నాయుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటరు. "మా యావిడ మనుసుల లోపల సదివేస్తది," అని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకునేవాడు.

కార్తీకమాసంలో ఒక సోమవారం, నాలుగో తరగతిలో రత్నం పాఠం చదువుతోంది. వేలు పంక్తి మీద జారుతోంది. "సాయంకాలం కాక వచ్చాడు," అని చదివింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. దుర్గాభవాని అనే పిల్ల, "టీచర్, కాక కాదు, మామ వచ్చాడు," అంది.

రత్నం మళ్లీ చదివింది. కాక అనే తగిలింది. బ్రెయిలీలో 'క'కి రెండు చుక్కలు, 'మ'కి మూడు. పైన కుడిపక్కన ఒకే ఒక్క చుక్క తేడా. ఆ చుక్క కాగితం మీద ఉంది. గోటితో గీరితే తెలుస్తోంది. వేలికి తెలియడం లేదు. మిగతా పాఠం ఆమె కంఠతా ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, గంట కొట్టేదాకా పుస్తకం మీద చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

ఇంటికి వెళ్లగానే కుందనని దగ్గరికి పిలిచి మొహం తడిమింది. ఆ పిల్లకి అయిదో ఏట ఉయ్యాలమీంచి పడి ఎడమ కనుబొమ్మ కింద కుట్లు పడ్డాయి. ఆ మచ్చ సన్నటి నూలుపోగులా ఉంటుంది. కుడివేలితో ఎంత వెతికినా అది దొరకలేదు. బుగ్గమీద గుడ్డ కప్పి దానిమీంచి ముట్టుకుంటున్నట్టుంది.

"ఏటయ్యిందమ్మా? ఎందుకలా రుద్దుతావు?" అంది కుందన.

"ఏం లేదు. నువ్వెంత ఎదిగావో చూస్తున్నా."

మర్నాడు హైమవతి రెండు సూదిమొనలు దగ్గరదగ్గరగా పెట్టి ఆమె వేలికొస మీద ఆనించింది. ఒకటా, రెండా? ఒకటండి. ఇప్పుడు? ఒకటే. ఇప్పుడు? మొనల మధ్య దూరం పెంచుకుంటూ పోయి, చాలాసేపటికి గాని రత్నం రెండు అనలేదు. హైమవతి పరికరం బల్లమీద పెట్టేసింది.

"తొడుగు వల్లేనా?" అడిగింది రత్నం.

"అవును. సూదులు మీటిన ప్రతిసారీ నరాల కొసలు కొన్ని చచ్చిపోతున్నాయి. మామూలు పనులకి తేడా తెలీదు. మీరు చదివేదాన్ని బట్టి మీకు తెలిసింది." హైమవతి పరికరాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. "మూడో నెల్లో సూదుల బలం రెండునుంచి మూడుకి పెంచమని మీరే అన్నారు, గుర్తుందా? ఆరో నెలకి అయిదు అడిగారు. యంత్రం అరుగుతోందేమో అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా అబద్ధమే. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది. వారానికి ఇద్దరు బతుకుతున్నారు కదా అని మీ వేలిని పరీక్ష చెయ్యడం వాయిదా వేశాను."

"ఎంత పోయింది?"

"చూపుడువేలు సగం పైనే. ఇప్పుడు ఆపేస్తే మిగిలింది నిలుస్తుంది. పోయింది తిరిగి రాదు."

రత్నం కుర్చీలోంచి లేచింది. అరవాలనిపించింది గాని గొంతులోంచి మాట మామూలుగానే వచ్చింది. "నాకు కళ్లు పోయినప్పుడు ఎవరి తప్పూ లేదని మా అమ్మ చెప్పేది. ఆ మాట పట్టుకుని బతికేశానండి. ఈసారి ఏం పట్టుకోమంటారు?"

హైమవతి అదే రోజు యంత్రం ఆపేయించింది. జరిగింది జరిగినట్టు, తన ఆలస్యంతో సహా కాగితం మీద పెట్టి పైవాళ్లకి పంపింది. వరుసలో ఉన్న తొమ్మిదిమంది రోగులకి రావద్దని కబురు వెళ్లింది.

ఎర్నాయుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఎడమసేత్తో సదవలేవా?" అని అడిగాడు. ఎడమవేలికి అక్షరాలు రావని, పంక్తి తప్పిపోకుండా కాపలా కాయడం ఒక్కటే దానికి తెలుసని రత్నం చెప్పింది. నిదానంగా, ఒక్కో పంక్తి రెండుసార్లు తడుముకుంటూ, మిగిలిన సగం వేలితోనే పాఠాలు చెప్పసాగింది.

నెల తిరక్కుండానే మార్తమ్మ టీచరుగారికి ఒంట్లో బాగాలేదని బడిలో తెలిసింది. మార్తమ్మకి డెబ్బై ఒకటి. పుట్టుగుడ్డి. అదే బడిలో నలభై ఏళ్లు పనిచేసి, వెనక గదుల్లోనే ఉండిపోయింది. ఏడేళ్ల రత్నం వేలు పట్టుకుని మొదటి చుక్కమీద పెట్టింది ఆవిడే. నడుంనొప్పి, అన్నం సయించకపోవడం, కాళ్ల వాపు అని, ఆసుపత్రిలో చేర్చారని ఆయా చెప్పగానే రత్నం అక్కడికి బయల్దేరింది. ఆ మాటలు ఆమె డెబ్బై రెండుసార్లు విన్నవే.

ఆసుపత్రి వార్డులో హైమవతి ఎదురైంది. "మీకు చెప్పకూడదనుకున్నాను," అంది.

"ఏముంది స్కాన్‌లో?"

"ధమని చుట్టూ పొర. రెండు కిడ్నీలూ ఉబ్బాయి. కింద ధమని రెండుగా చీలేచోట ఏదో గట్టిగా కనిపిస్తోంది. సూదితో ఒకసారి ముక్క తీశాం, ఏమీ తేలలేదు. అది గడ్డే, క్యాన్సర్ మందు మొదలెట్టాలి అంటున్నారు మావాళ్లు. ఆ మందుని ఈ కిడ్నీలు తట్టుకోలేవు. క్యాన్సరే అయి మందు ఇవ్వకపోయినా దక్కరు."

"మరోసారి చదవాలంటే?"

"రత్నం గారూ, ఆవిడ ఒంట్లో నీరు చేరింది, చాలా లోతుగా చదవాలి. ఆ ఒక్కసారితో మీకు మిగిలింది కూడా పోతుంది. నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు."

మంచం మీదున్న మార్తమ్మకి చెవులు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. "ఒసే రత్నం, ఇట్రా," అని పిలిచింది. రత్నం వెళ్లి మంచం అంచున కూర్చుంది. ముసలావిడ ఆమె కుడిచెయ్యి అందుకుని చూపుడువేలిని తన రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. "దీన్ని తయారు చెయ్యడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఎన్ని దెబ్బలు కొట్టానో నీ చేతిమీద. ఇప్పుడు దీన్ని నా పొట్టలో పోగొట్టుకుంటావా? నేనొప్పుకోను. డెబ్బై ఒక్కేళ్లు బతికాను, చాలు."

"టీచరుగారూ, నేను చెప్పేది వినండి."

"వినను. పిల్లలకేం చెబుతావు? వేలు లేని పంతులమ్మవి అవుతావు."

రత్నం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "డెబ్బై రెండుమందికి చదివాను. సగంమంది పేర్లు కూడా నాకు తెలీవు. ఈ వేలు కొంచెం కొంచెంగా వాళ్లకి పోయింది. పోతోందని నాకెవరూ చెప్పలేదు, ఇస్తావా అని అడగలేదు. ఇవ్వకుండానే పోయింది. ఇప్పుడు మొదటిసారి, అన్నీ తెలిసి, నా అంతట నేను ఇస్తానంటున్నాను. ఇదొక్కసారైనా నన్ను ఇవ్వనివ్వండి."

నలుపుతున్న మార్తమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ ముక్కు చీదుకుని, "అయితే ఎంత బలం పెట్టాలో నువ్వే చెప్పు. ఆ డాక్టరమ్మ కాదు. విన్నావా డాక్టరమ్మా?" అంది.

"విన్నానండి," అంది గుమ్మం దగ్గరున్న హైమవతి.

యంత్రాన్ని మళ్లీ తెరవడానికి పైవాళ్లు ఒక్కసారికి, రత్నం సంతకం పెట్టిన సమ్మతిపత్రం మీద, అనుమతి ఇచ్చారు. ఆ మధ్యాహ్నం ఎర్నాయుడు సెలవు పెట్టి వచ్చాడు. వరండాలో బల్లమీద రత్నం పక్కన కూర్చుని, "నీ ఏలు, నీ ఇష్టం. నాకు కోపమొచ్చింది గాని నీ మీద కాదు. లోపలికి నానూ ఒస్తాను," అన్నాడు. పరీక్ష జరిగినంతసేపూ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

అయిదు దగ్గర ఏమీ తెలియలేదు. "ఆరు," అంది రత్నం. దూరంగా, గోడవతల ఎవరో తలుపు కొడుతున్నట్టు తగిలింది. "ఏడు." అప్పుడొచ్చింది వేలి కిందికి మార్తమ్మ ధమని, ముసలిది, వంకరలు తిరిగినది, అయినా గట్టిగా కొట్టుకుంటున్నది.

"ఎడమవైపు పిండి. మూత్రనాళం చుట్టూ అంతా పిండే, మెత్తగా ఉంది. వెనకాల లేదు." వేలికొస మండటం మొదలైంది. "కుడివైపు తొక్క. బాగా ఎండిపోయింది, నాళాన్ని పట్టేసింది. దీనికి మాత్రలు పనిచెయ్యవు, కొయ్యాలి."

"కింద చీలిక దగ్గరికి రండి," అంది హైమవతి.

రత్నం వేలు కిందికి దిగింది. గట్టిది తగిలింది. చిన్నది, రేగిగింజంత. ఆమె నుదురు చెమట పట్టింది. "గింజలాగే ఉందండి." ఎవరో నిట్టూర్చారు. "ఆగండి. ఎనిమిది పెట్టండి."

"రత్నం గారూ…"

"ఎనిమిది."

నిప్పుకణిక మీద వేలు పెట్టినట్టయింది. ఎర్నాయుడు ఆమె భుజం పట్టుకున్నాడు. రత్నం పెదవి కొరుక్కుని ఆ గట్టిదాని మీదే వేలు ఉంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ధమని కొట్టుకున్నప్పుడల్లా అదీ ధమనితోపాటే ఎగురుతోంది, తోపాటే దిగుతోంది. బయట అంటుకున్న గడ్డ అయితే ఒక్కక్షణం వెనకబడుతుంది. ఇది వెనకబడటం లేదు.

"ఇది గడ్డ కాదు. ధమని గోడలోదే. సున్నంలా గట్టిపడిపోయింది. మీరు గుచ్చవలసింది ఇక్కడ కాదు, దీనికి రెండువేళ్లు పైన, ఎడమపక్క, ముందువైపు. అక్కడ పిండి మందంగా ఉంది."

గుర్తు పెట్టుకున్నాం అన్నారెవరో. అంతలో వేలికింద చప్పుడు పల్చబడింది. ఒకసారి కొట్టుకుంది. మరొకసారి, చాలా దూరంగా. తర్వాత ఏమీ లేదు.

"టీచరుగారూ!" అని కేక పెట్టింది రత్నం. "ఆగిపోయింది, ధమని ఆగిపోయింది!"

"నేనిక్కడే ఉన్నానే," అంది మార్తమ్మ బల్లమీంచి, నీరసంగా.

హైమవతి తొడుగు విప్పి రత్నం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "అది కొట్టుకుంటూనే ఉంది రత్నం గారూ. ఆగింది మీ వేలు," అంది. ఆ చేతులు తడిగా ఉన్నాయని రత్నానికి మణికట్టు దగ్గర తెలిసింది. వేలికి తెలియలేదు.

చెప్పినచోట సూది గుచ్చి తీసిన ముక్కలో క్యాన్సర్ లేదు, ఉత్త వాపే ఉంది. మాత్రలతో ఎడమ కిడ్నీ నెలన్నరలో తేరుకుంది. కుడివైపు కోసి నాళాన్ని విడిపించారు గాని ఆ కిడ్నీ అప్పటికే ముప్పాతిక వంతు పోయింది, దక్కలేదు. ఒక్క కిడ్నీతో మార్తమ్మ బతికి బట్టకట్టింది. రావద్దని కబురుపెట్టిన తొమ్మిదిమందిలో ఇద్దరు ఆ చలికాలంలోనే పోయారని హైమవతి ఫోన్ చేసి చెప్పింది. వాళ్లకున్నది పిండో, తొక్కో, గింజలో తేలనేలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పినందుకు రత్నం ఆమెని మొదటిసారి, "మీరు భోంచేశారా?" అని అడిగింది. డెబ్బై మూడు పరీక్షల్లో రత్నం పలికిన ప్రతిమాటా, యంత్రంలో ఆ క్షణాన నడిచిన కొలతలూ జతచేసి, మనిషి వేలు అక్కర్లేకుండా చదివేలా యంత్రానికి నేర్పాలని హైమవతి కూర్చుంది. నాలుగేళ్లు పడుతుందో, అయిదేళ్లు పడుతుందో చెప్పలేనంది.

బడి రత్నాన్ని పొమ్మనలేదు. పిల్లలకి పాటలు, లెక్కలు నోటితో చెప్పమంది. ఆమె రెండు నెలలు అలాగే చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఎనిమిదోరోజు మధ్యాహ్నం మార్తమ్మ కర్ర తాటించుకుంటూ వరండాలోకి వచ్చి, ఒకటో తరగతి వాచకం ఆమె ఒళ్లో పడేసింది.

"ఎడమచెయ్యి తియ్యి."

"ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి టీచరుగారూ. ఇప్పుడేం పట్టుబడుతుంది?"

"నేను అడిగింది నీ వయసు కాదు, చెయ్యి."

ఎడమ చూపుడువేలు కాగితం మీద ఆనింది. చుక్కలన్నీ ఇసుక పోసినట్టు కలగాపులగంగా తగిలాయి. రత్నం వేలు నొక్కిపట్టింది. మార్తమ్మ ఆమె చేతిమీద చురుక్కుమనేలా ఒక్కటి వేసింది. "నొక్కకు. ఈక వాలినట్టు వాల్చు." మణికట్టు కింద తన చెయ్యి ఆసరా పెట్టి, వేలిని మెల్లగా నడిపించింది. మొదటి పంక్తి మొదట్లో ఒక్కటే చుక్క.

"ఏమిటది?"

"అ," అంది రత్నం.

"దాని పక్కన?"

రత్నం మొహం పక్కకి తిప్పుకుంది. ముసలావిడ చెయ్యి మాత్రం మణికట్టు కిందనుంచి కదల్లేదు. రత్నం ఎడమవేలు మళ్లీ వెనక్కొచ్చి, తడబడి, రెండో అక్షరాన్ని పట్టుకుంది. మూడో దగ్గర తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. బళ్లో గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ వరండాలోకి వచ్చి, వీళ్లిద్దరి దగ్గరా గొంతులు తగ్గించి గోడవారగా సాగిపోయారు.

"గంట కొట్టారు టీచరుగారూ."

"కొట్టనీ. ఆ పంక్తి పూర్తిచెయ్యి."